థర్మామీటరు చెప్పని అంకెలు

(బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం పొద్దున ఏర్పాటు చేసుకున్న సమావేశం. ఒక పిల్లల డాక్టరు అక్కడ మాట్లాడిన మాటలకు ఇది అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. పిల్లలు అల్లరి చేస్తున్నారని బయటికి తీసుకెళ్ళకండి, నాకు అలవాటే. అల్లరి చేసే పిల్లల్ని చూస్తే నాకు ధైర్యం. కదలకుండా పడుకున్న పిల్లల్ని చూస్తేనే భయం.

మాది హిందూపురం పక్కన ఒక పల్లె. బెంగళూరొచ్చి ఇరవై ఆరేళ్ళయింది. నా దగ్గరికొచ్చే అమ్మానాన్నల్లో సగం మంది మన తెలుగువాళ్ళే. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగిందంటే అవతల మొదటి మాట ఏమిటో నాకు ముందే తెలుసు. "మేడమ్, 102.6." అంతే. ఎవరికి, ఎన్నేళ్ళు, ఎన్ని రోజుల్నుంచి, ఏమీ ఉండదు. నేను అడుగుతాను: "బరువెంతమ్మా? ఉచ్చ ఎప్పుడు పోశాడు? ఊపిరి ఎలా తీస్తున్నాడు?" అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "ఏమండీ, వీడి బరువెంత?" అని లోపలికి కేక. ఆయనకీ తెలీదు. కారు మైలేజీ ఎంతంటే మాత్రం పాయింట్లతో సహా చెప్తాడు. (నవ్వులు)

కాబట్టి ఇవాళ 102 గురించి తక్కువ, మిగతా అంకెల గురించి ఎక్కువ మాట్లాడతాను.

జ్వరం అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను. 100.4 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం. చంకలో పెట్టి చూస్తే అసలుకన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది. నుదుటి దగ్గర పెట్టే గన్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తుంది, దాన్ని పట్టుకుని దెబ్బలాడుకోకండి. జ్వరం జబ్బు కాదు. లోపలికొచ్చిన క్రిమి మీద ఒళ్ళు చేసే పోరాటంలో అదొక భాగం. 103 ఉన్న పిల్లవాడు మందేశాక అరగంటకి లేచి కార్లతో ఆడుకుంటుంటే నేను నిమ్మళంగా ఉంటాను. 100 ఉన్న పిల్ల పాలు తాగకుండా, పిలిస్తే పలకకుండా వడిలిపోయి పడుంటే కుర్చీలోంచి లేస్తాను. థర్మామీటరు ఆ రెండో పిల్ల గురించి ఏమీ చెప్పలేదు.

ఒక్కచోట మాత్రం అంకెకే విలువ. మూడు నెలలు నిండని పసిబిడ్డకి 100.4 వస్తే రాత్రా పగలా అని చూడొద్దు, ఇంట్లో మందు వేసి ఎదురుచూడొద్దు, వెంటనే ఆసుపత్రి. బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. ఒళ్ళు చల్లబడిపోయి పాలు పట్టడం మానేసినా అంతే. ఆ వయసులో రక్తంలో ఇన్ఫెక్షన్‌కి పైకి కనిపించే గుర్తు అదొక్కటే కావచ్చు.

ఇప్పుడు బరువు. ఈ రెండు సీసాలు చూడండి. రెండూ పారాసిటమాల్ సిరప్పే. రంగు ఇంచుమించు ఒకటే, వాసనా ఒకటే. ముందు వరసలో బాబూ, నీ కళ్ళద్దాలు పెట్టుకుని ఈ చిన్న అక్షరాలు చదువు. ఆ... "5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు." రెండోది? "5 మిల్లీలీటర్లలో 250." విన్నారా, సరిగ్గా రెట్టింపు. ఇంకో బుల్లి సీసా ఉంది, డ్రాప్స్. అందులో ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములుంటాయి. అంటే అన్నిటికన్నా చిన్న సీసాలో ఉన్నదే అన్నిటికన్నా చిక్కటి మందు. చిన్న పిల్లల మందు కదా, పలచగా ఉంటుందనుకుని డ్రాప్స్ ఐదు మిల్లీలీటర్లు పోసేసిన ఇళ్ళు నేను చూశాను.

లెక్క కష్టమేం కాదు. ఒక్కో కిలోకి 15 మిల్లీగ్రాములు. పిల్ల 10 కిలోలైతే 150. మొదటి సీసా అయితే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3, డ్రాప్స్ అయితే ఒకటిన్నర. చూడండి, ఒకే పిల్లకి, ఒకే మందు, మూడు కొలతలు. వయసుని బట్టి కాదు, పక్కింటి బాబుకి ఎంత వేశారని కాదు, బరువుని బట్టి. ఆరు గంటలకోసారి చాలు. మరీ అవసరమైతే నాలుగు గంటలు నిండాకే, రోజు మొత్తం మీద నాలుగు సార్లు మించకుండా. అన్నం చెంచాతో పోయకండి, సీసాతో వచ్చిన కొలత మూతో, సూది లేని సిరంజో వాడండి.

కొన్నేళ్ళ కింద ఒక కుటుంబం. ఊళ్ళో ఉన్నప్పుడు అక్కడి డాక్టరు ఒక సిరప్ రాసి 5 మిల్లీలీటర్లు వేయమన్నారు. అది 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే సీసా. బెంగళూరొచ్చాక అయిపోయింది. మెడికల్ షాపులో పాత సీసా ఫొటో చూపిస్తే అదే కంపెనీది 250 సీసా ఇచ్చారు. ఇంట్లో పాత చీటీ ప్రకారం అదే 5 మిల్లీలీటర్లు. జ్వరం దిగట్లేదని నాలుగు గంటలకోసారి. దానికి తోడు జలుబు సిరప్ ఒకటి, అందులోనూ పారాసిటమాల్ ఉంది, ఎవరూ లేబుల్ చూడలేదు. రెండు రోజులు. పదికిలోల పిల్లవాడు. వాంతులతో తీసుకొచ్చారు. లివర్ పరీక్షలు పెరిగి ఉన్నాయి, మెల్లగా దిగాయి, బతికి బయటపడ్డాడు. ఆ ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. తల్లి నా ముందు కూర్చుని, "నేను రోజంతా వేరేవాళ్ళ కోడ్‌లో తప్పులు పట్టుకుంటాను మేడమ్" అని ఏడ్చింది. నేనేం చెప్పగలను. తప్పు పట్టుకోవడానికి సీసా మీద అక్షరాలు ఆ సైజులో ఉండకూడదు, అది నా కంప్లైంటు.

డోలో 650 గురించి అడుగుతారని తెలుసు. సగం బిళ్ళ అంటే 325 మిల్లీగ్రాములు. అది ఇరవై రెండు కిలోల పిల్లకి సరిపోయే మోతాదు. మీ మూడేళ్ళ పిల్లకి కాదు. ఆస్పిరిన్ జ్వరానికి పిల్లలకి అస్సలు వద్దు. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఐనా పాత చీటీల్లో ఇంకా కనిపిస్తుంటుంది. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ జ్వరాన్ని గబుక్కున దించుతాయి, అందుకే అందరికీ ఇష్టం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు మాత్రం వాటి జోలికి పోవద్దు, రక్తస్రావం పెరిగే ప్రమాదముంది. మరి బెంగళూరులో వానాకాలం జ్వరం దేనికైనా మొదట అనుమానించాల్సింది డెంగీనే కదా.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ...ఆవిడ అడిగేది, జ్వరం తలకెక్కితే ఫిట్స్ వస్తాయి కదా, అందుకే కదా మేం కంగారుపడేది అని. న్యాయమైన ప్రశ్న. దీనికి నా కథే చెప్తాను.

మా పెద్దవాడికి పద్దెనిమిది నెలలు. అప్పటికే నేను పిల్లల వైద్యంలో పీజీ చేసి, ఫిట్స్ వచ్చిన పిల్లల్ని ఎందరినో చూసినదాన్ని. ఒక సాయంత్రం నా ఒళ్ళోనే వాడి కళ్ళు పైకి తేలిపోయాయి, చేతులు కాళ్ళు కొట్టుకున్నాయి. నేను ఏం చేశానో తెలుసా? ఏమీ చేయలేదు. కొయ్యబొమ్మలా కూర్చున్నాను. మా అత్తగారు పరుగెత్తుకొచ్చి బీరువా తాళాలు వాడి చేతిలో కుక్కారు, మా ఆయన ఉల్లిపాయ కోస్తున్నారు, పనమ్మాయి చెంచా తెచ్చింది. చెంచా చూశాకే నాకు తెలివొచ్చింది. లాగి పడేసి వాణ్ణి పక్కకి తిప్పాను. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ నాకు రెండు గంటలే.

పాతవాళ్ళు దీన్నే బాలపాపచిన్నెలు అనేవాళ్ళు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా వస్తుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ మామూలుగా మెదడుకి ఏ నష్టమూ చేయదు. ఇలా వచ్చినవాళ్ళలో మూడోవంతు మందికి మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. చాలామందికి పెద్దయ్యాక మూర్ఛ జబ్బు ఉండదు. అప్పుడు చేయాల్సినదల్లా పిల్లని నేల మీదో మంచం మధ్యలోనో పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడడం. నీళ్ళు పోయొద్దు, మందు పోయొద్దు, కాళ్ళు చేతులు అదిమి పట్టుకోవద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా 108. హైదరాబాదులో 2005లో మొదలైన నంబరే అది, ఇక్కడ కర్ణాటకలోనూ పనిచేస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడైతే ఐదు నిమిషాల్లోపు ఆగిపోయినా అదే రోజు డాక్టరుకి చూపించాలి. మెదడువాపు జ్వరం కాదని తేల్చుకోవాలి.

ఇంకొక మాట చాలామందికి తెలీదు. గంట గంటకీ పారాసిటమాల్ వేసి జ్వరం దించేస్తే ఫిట్స్ ఆగవు. మందు ఉన్నది పిల్ల కాస్త హాయిగా ఉండడానికి, నాలుగు చుక్కలు తాగడానికి. నిద్రపోతున్న పిల్లని లేపి మందు పోసే పని లేదు. ఐస్ నీళ్ళ గుడ్డలు వద్దు, పిల్ల వణికిపోతే ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది. స్వెట్టరూ టోపీ తీసేయండి. బెంగళూరు చలి అని మన అమ్మమ్మలు జ్వరమొచ్చిన పిల్లకి మంకీ క్యాప్ తొడుగుతారు. అమ్మమ్మలూ, మీరు కూడా వచ్చారుగా, కోపం తెచ్చుకోకండి. (నవ్వులు)

ఉచ్చ సంగతి. ఇది అడిగితే నవ్వుతారు కానీ నాకు అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ఇదే. ఒంట్లో నీళ్ళు ఎంత ఉన్నాయో బయటికి బాగా చెప్పేది అదే. పసిబిడ్డ ఆరు గంటలు, కొంచెం పెద్ద పిల్ల ఎనిమిది గంటలు ఉచ్చ పోయకపోతే అది పరుగెత్తాల్సిన విషయం. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, నోరు ఎండిపోవడం, పసిబిడ్డకి నెత్తి మీద మాడు గుంటపడడం కూడా దాని సంబంధీకులే. డైపర్ వేసి ఉంటే లెక్క తెలీదు. జబ్బు రోజుల్లో డైపర్ విప్పిన టైము కాగితం మీద రాయండి.

వాంతులు, విరేచనాలకి మందు ఓఆర్ఎస్. ఈ పొడి కథ చెప్పకుండా ఉండలేను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు బెంగాల్లో బన్‌గావ్ శిబిరాల్లో కలరాతో చనిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే పిల్లల డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. మరణాలు నూటికి నాలుగు లోపుకి దిగిపోయాయి. నర్సులు కాదు, డాక్టర్లు కాదు, పక్కన కూర్చున్న అమ్మలూ అక్కలే బతికించారు. ఆయన 2022లో పోయారు, తర్వాతి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

అంత గొప్ప మందుని మనం ఎలా పాడుచేస్తామంటే, గ్లాసుడు నీళ్ళలో రెండు చెంచాల పొడి వేసి తిప్పుతాం. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళకి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. దాని మీదే రాసుంటుంది. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకి హాని, పలచగా కలిపితే పని చేయదు. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. మీ అపార్ట్‌మెంట్‌లో వచ్చేది కావేరీ నీళ్ళా, బోరు నీళ్ళా, ట్యాంకరా అన్నది నేను అడగను, మీకే తెలీదు. కలిపినది ఇరవై నాలుగ్గంటలు దాటితే పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు పిల్లకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైవాళ్ళకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కో చెంచా. గ్లాసెత్తి గటగటా తాగిస్తే మళ్ళీ కక్కేస్తుంది, "ఓఆర్ఎస్ పడట్లేదు మేడమ్" అంటారు. పడకపోవడం కాదమ్మా, తొందర. ఉగ్గుగిన్నెతో పాలు పట్టిన ఓపిక ఉంటే చాలు.

ఓఆర్ఎస్ పేరుతో పళ్ళ రసం రుచుల్లో అట్టపెట్టెల్లో పానీయాలు అమ్మేవాళ్ళు, గుర్తుందా? వాటిలో పంచదార ఎక్కువ, అసలు సూత్రానికి సంబంధం లేదు. విరేచనాల పిల్లకి అవి పోస్తే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. మనమ్మాయి అని నాకు కాస్త గర్వం. ఐనా మీరు షాపులో అడిగేటప్పుడు "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పొడి ప్యాకెట్" అనే అడగండి.

దాంతోపాటు జింక్ మందు పద్నాలుగు రోజులు. ఆరు నెలల పైబడ్డ పిల్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్న బిడ్డకి 10. విరేచనాలు మూడోరోజు తగ్గాయని ఆపేస్తారు, ఆపొద్దు. తల్లిపాలు ఎప్పుడూ ఆపొద్దు. లంఖణం పరమౌషధం అన్నది నాలాంటి లావాటి పెద్దవాళ్ళకి సరే, పిల్లలకి కాదు. పెరుగన్నం, గంజి, ఇడ్లీ, అరటిపండు, ఏది తింటే అది.

ఊపిరి లెక్క. ఇది మీరే చేయొచ్చు. పిల్ల నిద్రలో ఉన్నప్పుడో, నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. ఫోన్లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. నిండుగా ఒక నిమిషం, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40. వీటికి చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. లెక్క ఎంతున్నా సరే, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటపడుతుంటే, అదే మన ఊళ్ళల్లో డొక్కలెగరేయడం అంటారే, అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు. మూలిగినా, పెదాలు నీలంగా మారినా అంతే.

దగ్గు సిరప్పుల గురించి రెండే మాటలు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ విషం సంగతి పక్కన పెట్టినా, మంచి సిరప్ కూడా చిన్న పిల్లల మామూలు జలుబు దగ్గుకి పెద్దగా పనిచేయదు. రెండేళ్ళలోపు అసలు వద్దని, ఐదేళ్ళలోపు మామూలుగా వద్దని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చటి నీళ్ళు, ఏడాది దాటిన పిల్లకి రాత్రి అరచెంచా తేనె. ఏడాది లోపు తేనె నాకించొద్దు, వసకొమ్ముతో కూడా.

యాంటీబయాటిక్ అడగొద్దు. నేను రాయకపోతే పక్క క్లినిక్‌కి వెళ్ళొద్దు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన ల్యాబ్‌లోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది, 1948లో లోకానికి తెలిసింది, లక్షల ప్రాణాలు కాపాడింది. వైరస్ జలుబుకి మాత్రం ఆయన ల్యాబ్ మందూ పనిచేయదు.

డెంగీ మిగిలింది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అంటువ్యాధిగా ప్రకటించే దాకా వచ్చింది, మీలో కొందరి ఇళ్ళల్లో ఆ ఏడాది తెలిసే ఉంటుంది. ఇక్కడ మీ 102 పూర్తిగా మోసం చేస్తుంది. డెంగీలో ప్రమాదం జ్వరం ఉన్నప్పుడు కాదు, దిగినప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిపోతుంది, ఇంట్లో అందరూ అమ్మయ్య అనుకుంటారు, స్కూలు బ్యాగ్ సర్దుతారు. సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చల్లటి చేతులు కాళ్ళు, మగతగా ఉండడం, ఉచ్చ తగ్గడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆసుపత్రి.

మీరేమో ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతారు. పొద్దున 90 వేలు, సాయంత్రం 82 వేలు అని బంధువుల గ్రూపులో క్రికెట్ స్కోరులా పెడతారు. అదే రిపోర్టులో పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది, దాన్నెవరూ చూడరు. రక్తం చిక్కబడుతోందా లేదా అన్నది అది చెప్తుంది. మాకు నిద్ర పట్టనివ్వనిది అది. బొప్పాయి ఆకు రసం పోసి పిల్ల కక్కుతుంటే, ఆ కక్కు డెంగీదో ఆకుదో నాకు తెలియకుండా పోతుంది. దయచేసి వద్దు.

టీకాల కార్డు గురించి ఎవరో చీటీ పంపారు. ఊరు మారి ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగించవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఏ ఊరి కార్డైనా తీసుకుంటారు.

అర్ధరాత్రి ఎక్కడికెళ్ళాలని అడిగారు. మీ ఇంటికి దగ్గర్లో, పిల్లల డాక్టరు రాత్రంతా ఉండే ఆసుపత్రి ఏదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి, బోర్డు చూసి నమ్మకండి. పిల్లల ఐసీయూ ఉందా అని అడగండి. ప్రభుత్వానిదైతే నిమ్‌హాన్స్ పక్కన ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది. కానీ ఇక్కణ్ణుంచి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వెళ్ళాలి, అది గుర్తుపెట్టుకోండి.

ఇంక నేను మాట్లాడింది చాలు. అదిగో, ఆ మూల బరువు చూసే మిషన్ తెచ్చి పెట్టించాను. ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకురండి, బూట్లు విప్పి. పక్కనున్న అమ్మాయి బరువుతో పాటు, మీరు వాడే సిరప్ ఏదైతే దాని కొలత కూడా చీటీ మీద రాసిస్తుంది, ఫ్రిజ్ మీద అంటించుకోండి. రెండు నెలలకోసారి మళ్ళీ చూసి మార్చండి. ముందు ఆ గులాబీ గౌను పాపని రానివ్వండి, ఇందాకటి నుంచీ మైకు లాక్కోవాలని చూస్తోంది.